డ్రాయింగు సారు ఇవ్వని బొమ్మ

నేను ఒక రేకు పెట్టెను. కర్నూలు పాత ఊళ్ళో, రేకులు కొట్టే సందులో పుట్టాను. నన్ను చేసిన ముసలాయన మూత మీద ఆకుపచ్చ రంగు పూసి, నడుమ రెండు గులాబీలు వేశాడు. గులాబీలని ఆయన అనుకున్నాడు. తర్వాత ముప్పై ఏళ్ళు నన్ను వాడుకున్న డ్రాయింగు సారు మాత్రం వాటిని చూసినప్పుడల్లా "ఇవి క్యాబేజీలు" అని నవ్వేవాడు. నవ్వినా వాటి మీద వేరే రంగు పుయ్యలేదు. ఇంకొకడు గీసిన గీతను చెరపడం ఆయనకు చేతకాదు.

మొదట నేను సుంకమ్మ పెట్టెను. పెళ్ళికి వాళ్ళ నాయన కొనిచ్చాడు. ఐదు చీరలు, ఒక చేతి అద్దం, పసుపు కొమ్ముల మూట కడుపులో పెట్టుకుని, బస్సు టాపు మీద ఊగుతూ మద్దిలేటి సారు ఇంటికి వచ్చాను. సర్కారు హైస్కూల్లో డ్రాయింగు టీచరు ఆయన. రెండు గదుల అద్దె ఇల్లు, నేల మీద బేతంచెర్ల బండలు. ఆ చల్లటి బండల మీద, గోడ వారగా నన్ను పెట్టారు.

ఏడాది తిరక్కముందే నాలోంచి ఒక చీర బయటికి వెళ్ళి, ఒక కాగితాల కట్ట లోపలికి వచ్చింది. తర్వాత ఇంకో చీర, ఇంకో కట్ట. నాలుగేళ్ళకు సుంకమ్మ చీరలన్నీ దండెం ఎక్కాయి.

"చీరలు దండెం మీద, కాగితాలు పెట్టెలోనా? ఇదేం సంసారమయ్యా?" అని అడిగింది ఆమె ఒకరోజు.

"చీర నలిగితే ఇస్త్రీ చేసుకోవచ్చు సుంకీ. బొమ్మ నలిగితే ఏం చెయ్యాల?"

సుంకమ్మ ఆ తర్వాత అడగలేదు. పైగా తానే వేపాకు ఎండబెట్టి, పురుగు పట్టకుండా నా అడుగున పరిచేది.

నాలో ఏమేం ఉండేవో చెబుతాను. పెద్ద ఊళ్ళలో జరిగే ప్రదర్శనలకు సారు పంపిన బొమ్మలు ఉండేవి. వాటి వెంట 'మీ చిత్రాన్ని స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము' అనే ఉత్తరాలూ ఉండేవి. ఉత్తరం మారేది గాని చింత మారేది కాదు. పిల్లలకు బొమ్మలెట్లా నేర్పాలో ఆయన రాసుకున్న నోట్సులు నాలుగు ఉండేవి. బళ్ళో ఆ నోట్సులతో ఎవరికీ పని పడలేదు. పరీక్షలు దగ్గర పడితే డ్రాయింగు పీరియడు లెక్కల సారుది. పై అధికారులు వస్తున్నారంటే మాత్రం అందరికీ మద్దిలేటి సారు గుర్తొచ్చేవాడు. గోడ మీద సూక్తులు రాయాలి కదా.

పిల్లల కాగితాలు కూడా దాచేవాడు. ఎనిమిదో తరగతిలో అందరినీ కోడిని గీయమంటే, అందరూ పక్కనుంచి గీశారు. ఖాసింబీ అనే దూదేకుల పిల్ల ఒక్కతే వెనకనుంచి గీసింది. పరుగెత్తి పారిపోతున్న కోడి, తోక పైకి లేచి ఉంది. క్లాసంతా నవ్విందట. ఆ కాగితం ఇంటికి తెచ్చి సుంకమ్మకు చూపించి, "ఈ పిల్ల కోడిని నిజంగా చూసింది. కడమవాళ్ళు పుస్తకంలో చూసినారు" అన్నాడు. ఆ కోడి చాలా ఏళ్ళు నాలోనే ఉంది.

సారు సొంత ఊరు రేవులపాడు. కృష్ణ ఒడ్డున. నదికి అడ్డంగా పెద్ద ఆనకట్ట లేస్తోందనీ, ఆ ఊరూ చుట్టుపక్కల ఊళ్ళూ మునుగుతాయనీ చాలా ఏళ్ళుగా అంటున్నారు. అనుకున్న మాట అంటూ అంటూ ఉండగానే నిజమైంది. ఇంకో రెండేళ్ళలో నీళ్ళు వస్తాయని తెలిసిన రోజున సారు అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. ఆ ఆదివారం మొదటి బస్సుకే అట్ట, కాగితాలు, పెన్సిళ్ళు పట్టుకుని వెళ్ళాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే పని. ఊళ్ళో ఒక్కొక్క ఇల్లూ గీసేవాడు. గడపలు, ద్వారబంధం మీద చెక్కిన చిలకలు, గచ్చు పగిలిన చోటు, గోడకు కొట్టిన పిడకలు, చావిట్లో కూర్చున్న మనుషులు, ఏదీ వదిలేవాడు కాదు.

నేను ఆ ఊరు చూడలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, బొమ్మలు నాలో సర్దుతూ ఆయన సుంకమ్మకు చెప్పేది వినేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు కొందరు ఆయన్ని పరిహారం కోసం కొలతలు తీసే ఆఫీసు మనిషి అనుకున్నారట. "సారూ, మా ఇల్లు రొంత పెద్దగా గియ్యి. ఎద్దుల్ని కట్టేసే ఆ గాటిపాడు కూడా ఇల్లే అనుకో" అని బతిమాలాడట ఒకాయన. అది ఆఫీసుకు పోయే కాగితం కాదని చెబితే, "మరెందుకు గీస్తాండావు?" అన్నాడట.

"ఏం చెప్పినావు?" అని అడిగింది సుంకమ్మ.

"ఏం చెప్పేది? నాకూ తెలీదంటి."

అట్లా పోగైనవి రెండువందల పైచిలుకు. వాటన్నిటిలో ఆయన ప్రాణం తిన్న బొమ్మ ఒకటే. అది ఉరుకుందమ్మ కొడుకు బొమ్మ.

ఉరుకుందమ్మ ఆ ఊళ్ళో చివరి ఇంటామె. యాభై ఏళ్ళుంటాయి. సారు వాళ్ళ ఇల్లు గీస్తుంటే వచ్చి పక్కన కూర్చుని, కాసేపు చూసి, అరుగు మీద వేలు పెట్టి చూపించిందట. "ఈడ మా ఈరన్న కూచుంటాడు. వాణ్ణి గూడా గియ్యి సారూ."

"పిలువమ్మా, గీస్తాను" అన్నాడు సారు.

"వాడు యాడున్నాడు నాయనా? కామెర్లొచ్చి పోయి నాలుగేండ్లాయ. పందొమ్మిదేండ్ల పిల్లోడు."

ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆ పిల్లవాణ్ణి సారు ఎన్నడూ చూడలేదు. సారు ఆ ఊరు వదిలి చదువుకు పోయిన తర్వాత పుట్టినవాడు. అయినా వల్లకాదనలేదు. ఆమె చెబుతూ ఉంటే గీశాడు. ఆమె కాదన్నది చెరిపాడు. మళ్ళీ గీశాడు. ఇంకొకరి గీత చెరపలేని మనిషి తన గీతను మాత్రం ఆ రోజు ఎన్నిసార్లు చెరిపాడో లెక్క లేదు. "ముక్కు అట్ల గాదు. బండి మీదనుంచి పడినాడు గదా, రొంత వంకర. కండ్లు ఇంగా లోపలికి. నగడు, నగినట్ల ఉంటాడు, అంతే." ఆ ఆదివారం అయిపోయింది. పై ఆదివారం మళ్ళీ కూర్చున్నారు. పొద్దు వాలే వేళకు ఆమె ఉన్నట్టుండి మాట ఆపేసిందట. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "వాడే. వాడే సారూ" అన్నదట.

"నాకియ్యి" అని చెయ్యి చాపింది.

ఇచ్చి ఉంటే ఈ కథ లేదు.

సారు ఇవ్వలేదు. "రంగులు వెయ్యాలమ్మా. ఉత్త పెన్సిలుతో ఏం బాగుంటాది? వచ్చే ఆదివారం రంగులేసి, అద్దం కట్టించి తెస్తా" అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మనుషులు 'వచ్చే ఆదివారం' అనే మాటను ఎంత ధైర్యంగా అంటారో నేను చాలాసార్లు విన్నాను. ఆ ఆదివారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు తెలియదు.

ఇంటికొచ్చి రంగులు వెయ్యడం మొదలుపెట్టాడు. తను పిల్లలకు చెప్పే పాఠమే: గీత కనపడకూడదు, రంగులో కరిగిపోవాలి. ఒక్కొక్క పెన్సిలు గీతనూ మెత్తగా తుడుస్తూ, దాని చోట నీటిరంగు వేస్తూ పోయాడు. చెంప రంగు కుదరలేదని ఒక ఆదివారం పోయింది. ఏదో ఉద్యోగాల పరీక్షకు బళ్ళో కాపలా అని ఇంకో ఆదివారం పోయింది. మూడో ఆదివారానికి బొమ్మ అయింది. నేను రెండువందల బొమ్మలు మోశాను గాని అట్లాంటిది చూడలేదు. తలగుడ్డ చుట్టుకుని, ఒక కాలు మడిచి, అరుగు మీద కూర్చున్న పిల్లవాడు. నవ్వబోతున్నాడు. ఇంకొక్క క్షణం చూస్తే నవ్వుతాడనిపిస్తుంది. దాని మీద ఒక్క పెన్సిలు గీత లేదు. సుంకమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఆయమ్మ ఏడ్చి చస్తాది" అంది.

నాలుగో ఆదివారం దాన్ని అద్దం కట్టించుకుని సారు రేవులపాడు వెళ్ళాడు. ఊరు లేదు. నీళ్ళు ఇంకా రాలేదు, మనుషులు లేరు. అనుకున్నదానికంటే ముందే ఊరు ఖాళీ చేయించారు. పైకప్పులు దింపుకుపోయిన గోడలు, గడపలు పీక్కుపోయిన గుంతలు. ఉరుకుందమ్మ ఇంటి ముందు అరుగొక్కటే మిగిలింది. ఆమె ఎటు పోయిందని అడగడానికి కుక్క కూడా దొరకలేదట. లారీలు వచ్చాయి, ఎవరికి దొరికిన లారీ వాళ్ళు ఎక్కారు. సారు ఆ అరుగు మీదే బొమ్మ పక్కన పెట్టుకుని, ఆఖరి బస్సు వేళ దాకా కూర్చుని వచ్చాడు.

ఇంటికొచ్చి అద్దం ఊడదీసి బొమ్మను నాలో అన్నిటికంటే పైన పెట్టాడు. "పైనే ఉండనీ. దొరికినరోజు ఎతుక్కోకూడదు" అన్నాడు.

తర్వాత ఇరవై రెండేళ్ళు వెతికాడు. ఎండాకాలం సెలవులొస్తే మునిగిన ఊళ్ళవాళ్ళకు కట్టిచ్చిన కాలనీలన్నీ తిరిగేవాడు. తిరగలేని చోట్లకు అక్కడి బళ్ళ హెడ్మాస్టర్లకు కార్డులు రాసేవాడు. 'రేవులపాడు ఉరుకుందమ్మ, చివరి ఇల్లు, ఒక కూతురు ఉంది' అని. జవాబులొచ్చేవి. అవీ నాలోకే వచ్చేవి. ఒక ఉరుకుందమ్మ దొరికింది, ఆమెది వేరే ఊరు. ఇంకొకామె చనిపోయిందన్నారు, వెళ్ళి చూస్తే ఆమె వేరు. ఆయన కొత్త బొమ్మలు వెయ్యడం తగ్గించి, తర్వాత మానేశాడు. బళ్ళో గోడ మీద సూక్తులు మాత్రం రాసేవాడు. రిటైరైన రోజున వేసిన పూలదండ కూడా నా మీదే పెట్టాడు. అది ఎండి రాలిపోయేదాకా ఎవరూ తియ్యలేదు.

చివరి రోజుల్లో ఆయన నా మూత తియ్యమని సుంకమ్మకు చెప్పి, ఆ బొమ్మ చేతిలోకి తీసుకుని, "ఆ పొద్దు ఇచ్చేసి రావాల్సింది సుంకీ. రంగులెవరికి గావాల? ఆయమ్మ రంగులడగల్యా" అనేవాడు. మొదట్లో ఆమె ఓదార్చేది. తర్వాత్తర్వాత బొమ్మ తీసుకుని మూత వేసేది. ఆ మాట ఆయన అన్న ఆఖరి మాటల్లో ఒకటి.

ఆయన పోయిన నెలకు ఖాసింబీ వచ్చింది. వెనకనుంచి కోడిని గీసిన పిల్లే. అప్పటికి ఆమె కూడా డ్రాయింగు టీచరు. నలభై దగ్గర పడుతున్న మనిషి. సుంకమ్మ నన్ను చూపించి, "తీసుకుపో బిడ్డా. నాకంటే ఈ పెట్టెనే ఎక్కువ చూసుకున్నాడు. నేను దీన్ని చూస్తా ఉండలేను" అంది. ఖాసింబీ భర్త దస్తగిరి, ఇంకో ఇద్దరు కలిసి నన్ను రిక్షాలోకి ఎక్కించారు.

ఖాసింబీ ఇల్లు తుంగభద్రకు దగ్గర, కింది అంతస్తు. ఆమె నన్ను శ్రద్ధగా చూసుకుంది. ప్రతి బొమ్మకూ వెనక పెన్సిలుతో ఒక నంబరు వేసి, ఒక పుస్తకంలో ఏ నంబరు ఎవరి ఇల్లో రాసింది. ఈరన్న బొమ్మకు ఒకటో నంబరు. ఆమె కూడా సెలవుల్లో అడగని మనిషి లేడు. "సారు బాకీ నేను తీరుస్తా" అనేది దస్తగిరితో.

రెండువేల తొమ్మిదిలో, అక్టోబరు రెండో తేదీన, నది ఊళ్ళోకి వచ్చింది.

మధ్యాహ్నం వీధిలో అరుపులు వినిపించాయి. నిమిషాల్లో గుమ్మం దాటి నీళ్ళు. దస్తగిరి తల్లి మంచం మీద ఉంది, లేవలేని మనిషి. ఖాసింబీ, దస్తగిరి నన్ను చెరో వైపు పట్టుకుని మెట్ల దాకా లాగారు. కాగితం ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకు తెలుసు. మెట్లు ఇరుకు. నేను రెండో మెట్టు మీద ఇరుక్కున్నాను. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి.

"వదిలెయ్యి! అమ్మను తీసుకుపోదాం పట్టు" అని అరిచాడు దస్తగిరి.

"పైన ఒక్కటి, ఆ బొమ్మొక్కటి తీసుకోనీ" అని ఖాసింబీ నా గొళ్ళెం మీద చెయ్యి వేసింది. తాళం వేసి ఉంది. తాళంచెవి లోపలి గదిలో మేకుకు వేలాడుతోంది. ఆమె అటు చూసింది, మంచం వైపు చూసింది. ముసలామె "ఖాసీ, ఖాసీ" అని పిలుస్తోంది. ఖాసింబీ నన్ను వదిలి మంచం దగ్గరికి పరుగెత్తింది. ఆమె చేసింది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. వాళ్ళు ముసలామెను ఎత్తుకుని నా మీదనుంచే ఎక్కి మిద్దె మీదికి వెళ్ళారు.

నేను నీళ్ళ కింద మూడు రోజులున్నాను.

రేకు నీటిని ఆపలేదు. మూత సందుల్లోంచి మొదట సన్నగా వచ్చింది, తర్వాత నిండింది. నీళ్ళు అందరికంటే ముందు పట్టుకున్నది పైనున్న బొమ్మనే. తలగుడ్డ ఎరుపు వదిలింది. చెంప రంగు వదిలింది. కళ్ళు వదిలాయి. నేను చూస్తూనే ఉన్నాను. పట్టుకోవడానికి నాకు చేతులు లేవు.

నీళ్ళు తీసిన తర్వాత బురద మిగిలింది. ఖాసింబీ తాళం పగలగొట్టి నన్ను తెరిచింది. కాగితాలు ఒక్క ముద్ద. ఆమె ఏడవలేదు. ఆ ముద్దను మిద్దె మీదికి చేర్చి, ఒక్కొక్క కాగితాన్నీ కొబ్బరాకు పుల్లతో వేరు చేస్తూ, తాళ్ళ మీద ఆరేస్తూ, పన్నెండు రోజులు కూర్చుంది. ఉత్తరాల మీది సిరా మొత్తం పోయింది. ఇరవై రెండేళ్ళ జవాబులు ఉత్త నీలి మరకలయ్యాయి. ఖాసింబీ సిరాతో గీసిన కోడి, ప్రదర్శనలకు పంపిన రంగుల బొమ్మలు కరిగిపోయాయి. అయితే రేవులపాడు ఇళ్ళు సగానికి పైగా మిగిలాయి. అవి ఉత్త పెన్సిలు బొమ్మలు. పెన్సిలు గీత నీటికి లొంగలేదు. అద్దం కట్టించనివి, రంగు వెయ్యనివి, ఇవి ఇంకా పూర్తికాలేదని సారు పక్కన పెట్టినవి, అవే బతికాయి. రేవులపాడు బొమ్మల్లో ఆయన పూర్తి చేసింది ఒక్కటే, అది పోయింది. ఒకటో నంబరు కాగితం మీద బురద మరక తప్ప ఏమీ లేదు. వెనక 'ఒకటి' అని ఖాసింబీ వేసిన అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

మరుసటి ఏడు మిగిలిన బొమ్మలను ఖాసింబీ బడి వరండాలో నాలుగు రోజులు పెట్టింది. మునిగిన ఊళ్ళవాళ్ళు వచ్చారు. "ఇది మా గడప" అని వేళ్ళతో తడిమారు. పేపర్లో చిన్న వార్త పడింది. పాత కాగితాలు భద్రపరిచే సంస్థవాళ్ళు వచ్చి బొమ్మలన్నీ అడిగి తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు. తుప్పు కాగితానికి శత్రువని చెప్పారు. నిజమే. వాళ్ళు రాసుకున్న జాబితాలో ఒకటో నంబరుకు ఎదురుగా 'చిత్రం లేదు' అని రాశారు. ఆ కాగితాన్ని ఖాసింబీయే ఉంచేసుకుంది.

వార్త పడిన పది రోజులకు ఒకామె ఖాసింబీ ఇంటికి వచ్చింది. పేరు మారెమ్మ. చేతులనిండా రాతి పొడి గీతలు. "మా అమ్మ ఉరుకుందమ్మ. రేవులపాడు. ఒక సారు మా యన్న బొమ్మ గీసినాడంట గదా" అంది.

ఖాసింబీ ఆమెను వరండాలో నా పక్కనే కూర్చోబెట్టింది.

ఊరు పోయినరోజు వాళ్ళు ఎక్కింది కాలనీకి పోయే లారీ కాదట. బేతంచెర్ల బండల గనికి కూలివాళ్ళను తీసుకుపోయే లారీ. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. సారు అన్ని కాలనీలూ తిరిగాడు, గనులకు పోలేదు.

"అమ్మ ఉందా?" అని అడిగింది ఖాసింబీ.

"ఉండాది. ఎనభై దాటినాయి. నన్ను గుర్తుపడతాది, కడమదంతా మర్సిపోతాది. పోయినేడు ఒకనాడు లేసి కూచోని, 'మారీ, మీయన్న మొగం నాకు మతికి రావడంల్యా' అని ఏడ్సింది. 'సారుకు చెప్పినా. సారు కాడ ఉండాది. పోయి తీసకరా' అంటాది. రోజూ అదే మాట. వాడు పోయినప్పుడు నేను సంకలో పిల్లని, నాకేం తెల్సు వాని మొగం?"

ఖాసింబీ లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి చూపించింది. మారెమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఏదీ?" అంది.

వరదలో పోయిందని ఖాసింబీ చెప్పాక మారెమ్మే దారి చెప్పింది. "నువ్వు సూసినావు గదమ్మా ఆ బొమ్మను. సారు కాడ నేర్సుకున్నావంట. మల్లా గియ్యి."

ఖాసింబీ గీసింది. అప్పుడే, ఆ వరండాలోనే, నా మూత మీద కాగితం పెట్టుకుని గీసింది. తలగుడ్డ వచ్చింది, మడిచిన కాలు వచ్చింది. ముక్కు దగ్గర చెయ్యి ఆగింది. "వంకర ఎటువైపు? ఎడమకా, కుడికా?" అని అడిగింది. మారెమ్మకు తెలియదు. ఖాసింబీ కళ్ళు మూసుకుని ఒకవైపు వేసింది. చూసింది. చక్కటి కుర్రవాడే, కాని ఈరన్న కాడు. వేల ముఖాలు గీసిన చెయ్యి ఎవరో విద్యార్థి ముఖాన్ని తెచ్చి పెట్టింది. ఇంకోటి గీసింది. అదీ కాదు. నాలుగో దాన్ని చించి, "నా వల్ల కాదమ్మా. వేరే వాణ్ణి తెచ్చి ఆమె కొడుకని నేను చెప్పలేను" అంది.

మారెమ్మ ఉత్త చేతులతో వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఖాసింబీ సరిగా తినలేదు. తర్వాత ఆ ఒకటో నంబరు కాగితాన్ని చుట్టచుట్టి పట్టుకుని, తానే బేతంచెర్ల బస్సెక్కింది. ఎందుకు పోతున్నావని దస్తగిరి అడిగితే, "సారు ఇస్తానన్నాడు. ఇచ్చి రావాల" అంది.

సాయంత్రం తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా మీద కూర్చుంది. అడుగు తుప్పు పట్టి చిల్లులు పడ్డా నేనింకా ఒక మనిషిని మొయ్యగలను. దస్తగిరి నీళ్ళ చెంబు తెచ్చిచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె తాగకుండా, మెల్లగా చెప్పింది.

"బండల గుడిసె ముందర కూచోబెట్టినారు. కాగితం చేతికిచ్చినా. శానాసేపు చూసింది. వేలు పెట్టి, 'ఈడ గదా కూచునేది, యాడికి పోయినాడు?' అనింది. నాకు అబద్ధం రాలేదు. 'నీళ్ళొచ్చినాయి అవ్వా, పోయినాడు' అంటి."

"ఏమనింది?"

"'మల్లానా?' అనింది."

ఖాసింబీ చెంబు అట్లాగే పట్టుకుని, నా మీదనుంచి లేవకుండా కూర్చుండిపోయింది.